ఛార్జి ఇవ్వని చైర్మన్

మా ఆయన ఎలక్షన్లో ఓడిపోయి అమెరికా పారిపోయి వచ్చారని మా అబ్బాయి ఉంటున్న ప్లేనో ఊళ్ళో ఎవరికీ తెలీదు. కొడుకునీ కోడల్నీ మనవరాల్నీ చూసుకోడానికి వచ్చారు, పాపం ఎంత ప్రేమో అనుకున్నారంతా. ప్రేమా పాడా! మా ఊరి మునిసిపాలిటీకి చైర్మన్‌గా ఉన్నన్నాళ్ళూ కొడుకు ఉత్తరం రాస్తే విప్పి చదివే తీరిక లేని మనిషి. ఎనభై ఏడు మార్చిలో ఓడిపోయారు, ఏప్రిల్లో ప్రేమ పుట్టుకొచ్చింది.

ఓడిపోతే పోయారు, రాజకీయమన్నాక గెలుపూ ఓటమీ మామూలే. కానీ ఎవరి చేతిలో? మా తమ్ముడు దత్తాత్రేయ చేతిలో. నా ఒక్కగానొక్క తమ్ముడు. మా అమ్మ పోయాక వాణ్ణి మా ఇంట్లోనే పెట్టుకుని చదివించాను. వాడికి రాజకీయం నేర్పింది కూడా ఈయనే. మైకు ఎలా పట్టుకోవాలో, ముసలమ్మల్ని ఏమని పలకరించాలో, అన్నీ దగ్గరుండి నేర్పారు. కొత్త పార్టీ వచ్చాక వాడు అందులోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఊరికే ఉన్నాడా, బావ మీదే నిలబడ్డాడు. అప్పుడు నేను పడ్డ నరకం పగవాళ్ళకి కూడా వద్దు. పొద్దున ఈయన మనుషులకి కాఫీలు ఇచ్చేదాన్ని, సాయంత్రం మా తమ్ముడి భార్య వచ్చి నా దగ్గర ఏడ్చేది. నేనెవరికి ఓటేశానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకూ చెప్పను.

మా ఊళ్ళో ఒక మర్యాద ఉంది. కొత్త చైర్మన్ ప్రమాణం చేసిన రోజు పాత చైర్మన్ దగ్గరుండి, చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి ఛార్జి ఇవ్వాలి. ఎంత బద్ధశత్రువులైనా ఆ పూటకి తప్పలేదు. ఈయన మాత్రం ఆ రోజు తెల్లవారకముందే నన్ను తట్టి లేపారు. "లే, పెట్టె సర్దు, మెడ్రాసు పోతున్నాం" అన్నారు. మా అబ్బాయి శ్రీధర్ పంపిన కాయితాలతో వీసాలు ముందే తీసి ఉంచుకున్నాం లెండి, గెలిచాక వేసవిలో ఓసారి వెళ్ళొద్దామని. వాకిట్లో టాక్సీ. నేను కాఫీ అయినా తాగకుండా బండెక్కాను. ఊరు దాటాక అడిగాను, "మరి ఛార్జీ?" అని. "కమిషనర్ ఉన్నాడుగా, వాడిస్తాడు" అన్నారు కిటికీలోంచి చూస్తూ.

అక్కడితో ఊరుకున్నారా! ఇక్కడికొచ్చిన మొదటి వారంలోనే మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఈయన తీసి, గొంతు వినగానే పెట్టేశారు. మళ్ళీ మోగింది, మళ్ళీ పెట్టేశారు. నేను అడ్డం పడబోతే, "వాడితో మాట్లాడావంటే నా మీద ఒట్టే" అన్నారు.

ఒట్టంటే మాటలా? నాకు వేరే దేనికీ భయం లేదు గానీ, మొగుడి మీద ఒట్టు దాటే ధైర్యం మాత్రం లేదు. మా కోడలు మీనా నవ్వుతుంది. "ఏం కాదత్తయ్యా, అవన్నీ నమ్ముతారా, నేను డయల్ చేసిస్తాను మాట్లాడండి" అంటుంది. దానికేం, అంటుంది. రేప్పొద్దున్న ఆయనకి జలుబు చేసినా నా వల్లే అని నేను చావాలి. అందుకని నోరు కట్టుకుని కూర్చున్నాను. పుట్టింటి వైపు నాకు మిగిలింది వాడొక్కడే. వాడి గొంతు వినకుండా ఎండాకాలం పోయింది, వానాకాలం పోయింది. ఆర్నెల్ల వీసా అయిపోవస్తోందంటే, "ఎక్స్‌టెన్షన్ పెట్టరా" అన్నారు ఈయన కొడుకుతో. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

అదుగో, అప్పుడు తగులుకుంది మా మనవరాలు రేణు.

రేణుకి పదమూడేళ్ళు. ఇక్కడే పుట్టింది. దాని తెలుగు సగం తెలుగు, సగం దాని సొంతం. ఆ ఏడు ఈ దేశపు రాజ్యాంగానికి రెండువందలేళ్ళట, స్కూళ్ళన్నిట్లో పండగ చేస్తున్నారు. దాని క్లాసు వాళ్ళు ఓ నాటకం వేస్తున్నారు. ఓ శనివారం పొద్దున్న దోసెలు తింటూ ఆ కథ చెప్పింది.

"సెకండ్ ప్రెసిడెంట్ ఆడమ్స్ ఉన్నాడు కదా తాతయ్యా, అతను ఎలక్షన్ లూజ్ అయ్యాడు. జెఫర్సన్ విన్ అయ్యాడు. వాళ్ళు ఓల్డ్ ఫ్రెండ్స్, కానీ అపోజిట్ పార్టీస్. ఫస్ట్ టైమ్ ఒక పార్టీ ఇంకో పార్టీకి పవర్ ఇవ్వాలి. అందరికీ భయం, ఫైట్ అవుతుందేమో అని. కానీ ఫైట్ అవ్వలేదు."

"మరేమయింది?" అన్నారు ఈయన, దోసె తుంచుతూ.

"ఆడమ్స్ ఆ రోజు రాలేదు. మార్నింగ్ అవ్వకముందే బండిలో ఊరికి వెళ్ళిపోయాడు."

ఈయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. నేను పెనం మీద దోసె వదిలేసి ఇటు తిరిగాను.

"అతని పెళ్ళామో?" అన్నాను.

"ఆవిడ ముందే వెళ్ళిపోయింది నానమ్మా."

"అదృష్టవంతురాలు" అన్నాను. ఈయన నావైపు గుర్రుగా చూశారు. "తర్వాత మాట్లాడుకున్నారా వాళ్ళు?"

"లెవెన్ ఇయర్స్ లెటర్స్ కూడా లేవు. తర్వాత మళ్ళీ ఫ్రెండ్స్ అయ్యారు."

పదకొండేళ్ళా! అప్పటికి నేనుంటానో ఊడతానో.

రేణుదే ఆడమ్స్ వేషమట. అతను కోపంతో వెళ్ళాడో, సిగ్గుతో వెళ్ళాడో టీచర్‌కి కూడా తెలీదట, అందుకని మొహం ఎలా పెట్టాలో తెలీడం లేదంది. ఈయన్నే చూస్తూ అడిగింది, "నువ్వు కూడా మేయర్ కదా తాతయ్యా. నువ్వు లూజ్ అయ్యావని డాడీ చెప్పారు. నువ్వు ఎలా ఇచ్చావు?"

శ్రీధర్ పేపర్ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వాడికి తెలుసు కదా. నేనూ చూస్తున్నాను, ఏమంటారో అని.

"దర్జాగా ఇచ్చాను తల్లీ" అన్నారు మా ఆయన. "మన వాళ్ళ మర్యాద వీళ్ళకెక్కడ తెలుస్తుంది?"

ఆ అబద్ధం అక్కడితో పోతే బాగుండు. పిల్ల వెళ్ళి టీచర్‌కి చెప్పింది. ఆవిడ పేరు మిస్ హార్పర్. ఎగిరి గంతేసి, మీ తాతగారిని క్లాసుకి తీసుకురా, ఇండియాలో పవర్ ఎలా అప్పగిస్తారో పిల్లలకి చెప్తారు అందిట. ఈయనకి ఎక్కడలేని హుషారు వచ్చింది. పట్టు లాల్చీ ఇస్త్రీ చేయించారు. కండువా మడత నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు మడిచారు. ఆర్నెల్ల తర్వాత మైకు దొరికింది కదా, పాపం!

"వెళ్ళే ముందు దత్తుకి ఓ ఫోన్ చేయండి" అన్నాను. "అక్కడ చెప్పబోయేది ఇక్కడ చేసి వెళ్ళండి. అప్పుడది అబద్ధం కాదు."

"నీ పని చూసుకో" అన్నారు.

మీనా మమ్మల్ని స్కూలు దగ్గర దింపి ఆఫీస్‌కి పోయింది. చిన్న కుర్చీల్లో పిల్లలు, ఓ మూలగా నాకో కుర్చీ. ఈయన తెలుగులో చెప్తుంటే రేణు పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్తోంది. దాని మొహం చూడాలి, వెలిగిపోతోంది! ఈయన చెప్పడమంటే మామూలుగా చెప్తారా? ఆ రోజు హాలంతా మామిడి తోరణాలు కట్టించారట. బాజాలు పెట్టించారట. తమ్ముడులాంటి బావమరిదిని తనే ఎదురెళ్ళి, కారు తలుపు తీసి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారట. వింటుంటే నాకే కళ్ళ ముందు ఆడింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఓ నిమిషం పాటు నిజంగానే జరిగిందనుకున్నాను. జరిగుంటే ఎంత బాగుండేదో!

ముందు వరసలో ఓ ఎర్రజుట్టు పిల్ల చెయ్యెత్తి ఏదో అడిగింది.

"గెలిచిన అతను ఏం చేశాడు అని అడుగుతోంది తాతయ్యా" అంది రేణు.

"ఏం చేస్తాడు? భోరుమని ఏడ్చాడు. 'బావా, నీ మీద నిలబడటం నా బుద్ధిలేనితనం' అని నా కాళ్ళ మీద పడ్డాడు. లేవదీసి క్షమించాను" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తోరణాలు, బాజాలు ఎన్నయినా కట్టుకోమనండి. మా తమ్ముణ్ణి కాళ్ళ మీద పడేస్తారా? లేచి నిలబడ్డాను.

"మా దత్తు ఎవరి కాళ్ళ మీదా పడలేదు! అసలు మీరక్కడ ఉంటేగా? చీకటితో దొంగలా టాక్సీ ఎక్కింది ఎవరు? నన్ను కూడా లాక్కొచ్చింది ఎవరు?"

ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళం ముగ్గురమే. మిగిలిన వాళ్ళంతా నోరు తెరుచుకుని నన్ను చూస్తున్నారు. ఈయన మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. మిస్ హార్పర్ నవ్వుతూ రేణుని ఏదో అడిగింది. మీ నానమ్మ ఏమంటున్నారు అనే అయ్యుంటుంది. రేణు ఓసారి నన్ను చూసింది, ఓసారి తాతని చూసింది. తర్వాత నేలకేసి చూస్తూ ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక దాని గదిలోకి వెళ్ళి అడిగాను, ఏం చెప్పావే అని.

"తాతయ్య తక్కువ చెప్తున్నారు, నిజంగా ఇంకా బాగా జరిగింది అని నువ్వు అన్నావని చెప్పాను" అంది. కళ్ళనిండా నీళ్ళు. "నేను మిస్ హార్పర్‌కి ఎప్పుడూ లై చెప్పలేదు నానమ్మా. ఈ రోజు చెప్పాను. మీ ఇద్దరి కోసం."

తల నిమరబోతే తల పక్కకి తీసుకుంది.

ఆ రోజు నుంచి పిల్ల తాతతో మాట మానేసింది. గొడవేం లేదు. అడిగినదానికి "ఎస్" అంటుంది, "నో" అంటుంది, అంతే. స్కూలు నుంచి రాగానే ఈయన పక్కన సోఫాలో ఎక్కి కూర్చునే పిల్ల తిన్నగా గదిలోకి పోయి తలుపేసుకునేది. ఈయన అది వచ్చే వేళకి హాల్లో కూర్చుని, అది వెళ్ళిపోయాక లేచేవారు. నాతో కూడా మాటల్లేవు. క్లాసులో పరువు తీశానని అలక. అలిగితే అలగనీ, నేను మాత్రం పిలుస్తానా? ఇద్దరం చెరో సోఫాలో కూర్చుని అర్థం కాని టీవీ చూసేవాళ్ళం.

నాటకం స్కూలు భోజనాల హాల్లో, సాయంత్రం. తల్లిదండ్రులందరూ వచ్చారు. రేణుకి దూదితో తెల్లజుట్టు అంటించారు. శ్రీధర్ పాత కోటు మోకాళ్ళ దాకా వేలాడుతోంది. స్టేజీకి ఓ పక్కన జెఫర్సన్ వేషం కుర్రాడు ఇంకా తెల్లారనట్టు మంచం మీద పడుకున్నాడు. రెండో పక్క, అట్టతో చేసిన ప్రెసిడెంటు ఇంట్లోంచి మా పిల్ల పెట్టె పట్టుకుని బయటికొచ్చింది. డైలాగులేం లేవు. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి ఆ ఇంటిని చూసింది. ఎవరైనా లేస్తారేమో, ఉండమంటారేమో అన్నట్టు చూసింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ నడిచింది.

అప్పుడు నవ్వారు జనం. ఎవరు మొదలెట్టారో తెలీదు. అంతటి ప్రెసిడెంటు పెట్టె పట్టుకుని దొంగచాటుగా పోతున్నాడని నవ్వు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు, హాలంతా గొల్లుమంది. నా పక్కన ఈయన కండువా కొస గట్టిగా పిడికిట్లో పట్టుకున్నారు. నాకు తెలుసు ఆ నవ్వు ఎక్కడ తగిలిందో. ఆ రోజు మా ఊరు కూడా ఇలాగే నవ్వి ఉంటుంది కదా. కోపం కోపమే గానీ, ఆ క్షణాన ఆయన మొహం చూడలేకపోయాను.

నాటకం అయ్యాక రేణు ఏడుస్తూ వచ్చింది. మీనా దగ్గరికి తీసుకుని, "చాలా బాగా చేశావురా, వాళ్ళు ఫన్నీ అనుకున్నారు, అంతే" అంటోంది.

"ఫన్నీ ఏముంది? అతను దొంగ కాదు. అతను శాడ్. అందరి ముందు ఏడుపు వస్తుందని వెళ్ళిపోయాడు" అంది వెక్కుతూ. మా వైపు తిరిగింది. "అంతే కదా తాతయ్యా?"

ఇన్నాళ్ళ తర్వాత అది తాతయ్యా అని పిలవడం అదే మొదలు. ఈయన తలూపారు. "అంతేనమ్మా" అన్నారు.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా, "శ్రీధర్, మీ మామయ్యకి ఫోన్ కలుపు" అన్నారు. అక్కడ పొద్దున్నవుతుంది. వాడు ఆపరేటర్‌ని పట్టుకుని, అరగంట కుస్తీపడి కలిపాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అటువైపు మాట్లాడేది హాలంతా వినిపిస్తోంది, ఆ రోజుల్లో ఫోన్లో అలా అరవాల్సిందే.

"దత్తూ, నేనురా, బావని" అన్నారు ఈయన. ఇక ఈయన ఆగితే కదా! క్షమాపణ అడుగుతారనుకున్నాను. ఆ మాట తప్ప అన్నీ మాట్లాడారు. "పెద్ద చెరువు గేటు పూర్తిగా ఎత్తకు, సగమే ఎత్తాలి, లేకపోతే కింది వార్డులకి చుక్క పోదు. మూడో బోరు మోటారు వేడెక్కితే గంట ఆపాలి. మార్కెట్ కాంట్రాక్టర్ నవ్వుతూ మాట్లాడతాడు, నమ్మకు. సానిటరీ వాళ్ళకి పండక్కి బట్టలు తప్పకుండా ఇప్పించు, కమిషనర్ అడ్డం చెప్తాడు..." చెప్పుకుపోతున్నారు. శ్రీధర్ గడియారం చూసుకుంటున్నాడు గానీ ఆపలేదు. ఛార్జి ఇస్తున్నారు మా ఆయన. ఆ రోజు ఇవ్వాల్సింది ఇవాళ సముద్రాల ఇవతల నుంచి ఇస్తున్నారు. ఇన్నాళ్ళూ ఇవన్నీ లోపల పెట్టుకుని, తను లేకపోతే ఊరు ఎండిపోతుందని లెక్కేసుకుంటూ కూర్చున్నారన్నమాట!

ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు మా తమ్ముడి గొంతు వినపడింది.

"అవన్నీ ఇంజనీరు మొదటి వారంలోనే చెప్పాడు బావా. నీళ్ళు బాగానే వస్తున్నాయి."

ఈయన రిసీవర్‌ని ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నారు.

"నువ్వు కుర్చీలో కూర్చోబెట్టకపోతే నేను కూర్చోలేనా? కూర్చున్నాను. దండ వేయకపోతే ఏం పోయింది, వేసేవాళ్ళు బోలెడుమంది వేశారు" అన్నాడు దత్తు. వాడి గొంతు మారిపోయింది. "అమ్మ లేదు, నాన్న లేడు. నాకున్నది అక్క ఒక్కతే. అక్కని ఎందుకు తీసుకెళ్ళావు బావా?"

మా ఆయన జీవితంలో మాటకి తడుముకున్న మనిషి కాదు. అసెంబ్లీకి వెళ్ళిన వాళ్ళని కూడా నిలబెట్టి కడిగేసేవారు. ఆ ప్రశ్నకి మాత్రం ఒక్క ముక్క దొరకలేదు. రేణు సోఫా చేతి మీద కూర్చుని తాతనే చూస్తోంది. చివరికి ఈయన నా వైపు తిరిగి రిసీవర్ చాచారు.

నేను కదల్లేదు. "ఒట్టో?" అన్నాను.

"వేసింది నేనేగా. తీసేశాను. రా" అన్నారు, నా మొహంలోకి చూడకుండా.

ఎలా వెళ్ళానో తెలీదు, ఫోన్ నా చేతిలో ఉంది. ఎన్ని మాటలు దాచుకున్నాను! ఒక్కటీ గుర్తు రాలేదు. "ఒరే దత్తూ" అన్నాను. అంతే, అటు నుంచి ఏడుపు. నలభై అయిదేళ్ళవాడు, చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఏడ్చినట్టు ఏడుస్తున్నాడు. నాకూ ఆగలేదు. కాసేపు ఇద్దరం ఫోనుకి డబ్బులిచ్చి మరీ ఏడ్చాం.

కళ్ళు తుడుచుకుని గొంతు పెద్దది చేశాను.

"ఊరుకోరా, ఊరికి చైర్మన్‌వి అయ్యుండి ఆ ఏడుపేంటి?" అన్నాను.

మా ఆయన పక్కనే ఉన్నారు. విన్నారు. వినాలనే అన్నాను.